అద్దాల గది కట్టించని సంవత్సరం

జీడి వ్యాపారంలోకి కొత్తగా వస్తున్న యువకులు నన్ను పెట్టుబడి గురించి, యంత్రాల గురించి అడుగుతారు. మనుషుల గురించి అడగరు. ఆ లోటు తీర్చడానికే, నా తప్పుతో సహా, ఇది రాసిపెడుతున్నాను.

పలాసలోని మా ఫ్యాక్టరీలో జీడిపప్పుకు పొట్టు తీసే ఆడవాళ్లు నలభైమంది. క్రమశిక్షణ పేరిట ఒక్కొక్కరికీ నంబరు బిళ్ల ఇచ్చి, ఆ నంబరుతోనే పిలిచేవాణ్ణి. నేలమీద కూర్చుని పనిచేసే వారందరినీ ఒకచోటి నుంచే గమనించడానికి అద్దాల గది కట్టించుకోవాలని డబ్బు కూడా సిద్ధం చేశాను.

ఆ సంవత్సరం పెళ్లిళ్ల రోజులకు ముందు, మా పాత ఖాతాదారైన టెక్కలి వర్తకుడికి వారంలో సరుకు పంపవలసి ఉంది. సోమవారం సగంమంది పనికి రాలేదు. పక్క ఫ్యాక్టరీలో చేరారట. అక్కడా కూలి అంతే. మాట తప్పితే ఆ వర్తకుడు మళ్లీ మా గుమ్మం తొక్కడు.

ఆ సాయంత్రం వారిలో పెద్దామె ఇంటికి నేనే వెళ్లాను. ఆమె బిళ్ల నంబరు పద్నాలుగు. వాకిట్లో కొబ్బరాకు తడిక అల్లుతోంది.

“పద్నాలుగో నంబరు పనికి ఎందుకు రాలేదు?” అన్నాను.

“ఆవిడెవరో నాకు తెల్దు బాబూ. పక్కింట్లో అడిగి సూడు,” అంది తలెత్తకుండా.

“కూలి పెంచాలా?”

“కూలిదేటుంది? పొద్దత్తమానం నేలమీద కూకుంటే నడుం నిలుత్తాదా? అక్కడ కుర్సీలేసినారు. ఆ సావుకారు పేరెట్టి పిలుత్తాడు. నువ్వు బిళ్లని పిలుత్తన్నావు, బిళ్లే వత్తాది.”

జేబులోంచి కాగితం, కలం తీశాను. “నీ పేరేమిటమ్మా?” అన్నాను.

“ఆరేళ్లకి అడిగినావు,” అంటూ చెప్పింది. తక్కినవారి పేర్లూ చెప్పి రాయించింది. “ముందు కుర్సీలెయ్యి. అయి సూసి నేను సెప్తేనే ఆళ్లొత్తారు,” అని కూడా అంది.

అద్దాల గది మానుకున్నాను. ఆ డబ్బుతో వీపు ఆన్చుకునే పొట్టి కుర్చీలు పక్కనున్న కాశీబుగ్గలో దొరికినన్ని కొని, తక్కినవి వడ్రంగులతో రెండు రోజుల్లో చేయించాను. పేర్లన్నీ బట్టీపట్టాను.

పెద్దామె వచ్చి కుర్చీలో కూర్చుని చూసి వెళ్లింది. మర్నాడు పొద్దున్న అందరూ గేటు దగ్గరున్నారు. ఒక్కొక్కరినీ పేరుతో లోపలికి పిలిచాను. తోడికోడళ్లిద్దరి పేర్లు తారుమారు చేస్తే వరుసంతా నవ్వింది.

“నంబరైతే తప్పేవోడివి కాదు బాబూ,” అంది పెద్దామె. నేనూ నవ్వాను.

గడువుకు ఒకరోజు ముందే సరుకు టెక్కలి చేరింది. డబ్బా విప్పిన వర్తకుడు, విరిగిన ముక్కలు ఇంత తక్కువగా ఉన్న పప్పు మా దగ్గర ఎన్నడూ చూడలేదన్నాడు. మరుసటి ఏడాది రెట్టింపు సరుకు అడిగాడు. గది కట్టదలచిన చోట ఈనాటికీ వారు మధ్యాహ్నం అన్నం తింటారు.

వారి పేర్లు ఇక్కడ రాయలేదు, అవి పిలవడానికే గాని అచ్చులో చూపడానికి కాదు. జరిగినదంతా నా వైపు నుంచి చెప్పాను గనుక పొరపాట్లుండవచ్చు. పాఠకులు, ముఖ్యంగా ఆ కుర్చీలలో కూర్చున్నవారు, వాటిని దిద్దవలసిందిగా కోరుతున్నాను.