పేరు తెలియని బిళ్ళ

నా చిన్నప్పుడు, మిరపకోతల కాలంలో బడి లేని రోజైతే, నన్ను పెంచిన మా పెద్దమ్మ వెంట పొలానికి వెళ్లేదాన్ని. సత్తెనపల్లి అవతల చేలు. కూలి ముఠాలో అందరూ ఆడవాళ్లే. వాళ్లను పనికి కుదిర్చి ఆటోలో తీసుకెళ్లేది మా వీధి చివరుండే మేస్త్రి. రోజంతా నడుం వంచి కాయ కోయాలి. చేతుల మంటకి ఎవరి కొబ్బరినూనె వాళ్లు తెచ్చుకునేవాళ్లు. నడుం నొప్పికి మాత్రం మందు మేస్త్రి దగ్గరే ఉండేది.

పొద్దున చేలో దిగగానే టీ ఇచ్చేవాడు. టీతోపాటు ఒక్కొక్కరి అరచేతిలో ఒక తెల్ల బిళ్ళ, ఒక ఎర్ర బిళ్ళ పెట్టేవాడు. జంటబిళ్ళ అనేవాళ్లు దాన్ని. అప్పటికి ఎవరికీ నొప్పి ఉండదు. ముందే మింగేస్తే మధ్యాహ్నం దాకా చెయ్యి ఆగదని నమ్మకం. అన్నం తినకముందే, టీ గుక్కతో వేసుకునేవాళ్లు. మేస్త్రి మంచివాడు కాబట్టే ఊరికే ఇస్తున్నాడనుకునేవాళ్లు.

పెద్దమ్మ కూడా ఏళ్లతరబడి అలాగే మింగింది. ఒక ఏడు కోతలకు ముందు ఆమెకు కడుపులో పుండు పడి, విరేచనం నల్లగా అయి, గుంటూరు ఆసుపత్రిలో రక్తం ఎక్కించాల్సి వచ్చింది. పంపించేటప్పుడు డాక్టరమ్మ కొన్ని నొప్పి బిళ్ళల పేర్లు చెప్పి, అవి ఇక ముట్టుకోవద్దంది. తప్పనిసరైతే పారాసెటమాల్ ఒక్కటే, అదీ తను చెప్పిన మోతాదు దాటకుండా వేసుకోమంది. పెద్దమ్మకు చదువు రాదు. తిరుగు బస్సులో ఆ పేర్లన్నీ నాచేత వల్లె వేయించింది.

కోతలు మొదలైన రోజు మేస్త్రి బిళ్ళలు పంచుతూ వచ్చాడు. పెద్దమ్మ చెయ్యి చాపలేదు. అవేం బిళ్ళలని అడిగింది.

"బిళ్ళకి పేరేంటక్కా? నడుం ఆడితే చాలదా?" అని నవ్వాడు.

షీటు చూపించమంది. చూపించాడు. కత్తిరించిన ముక్క అది, పేరు సగానికి తెగిపోయి ఉంది. మిగతా ముక్కేదని అడిగింది. ఆసుపత్రికి వెళ్లొచ్చి ఈమే డాక్టరైపోయిందని ఎవరో అంటే ఆడవాళ్లంతా నవ్వారు. మేస్త్రికి మాత్రం నవ్వు ఆగిపోయింది. తనకు చెయ్యాడే మనుషులు కావాలని, కుదరకపోతే రేపట్నుంచి రానక్కర్లేదని అన్నాడు. ఆ కూలి మీదే మా ఇద్దరి తిండీ, నా చదువూ. పెద్దమ్మ ఊరుకుంటే బాగుండునని మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఆమె తిన్నగా ఆటో దగ్గరికి నడిచి, సీటు కింద డబ్బా తెరిచి, కత్తిరించని షీట్లు రెండు తీసుకుని వచ్చింది. నన్ను పిలిచింది.

"చదవవే. అందరికీ వినపడాలి."

బడిలో హాజరు పలకడానికే గొంతు రాని పిల్లని నేను. ఎర్రదాని మీద ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ అని ఉంది. తెల్లదాని మీద ఉత్త పారాసెటమాల్. నేను గొణిగితే పెద్దమ్మ మళ్లీ చదవమంది. ఈసారి అరిచినట్టే చదివాను. ఐబుప్రోఫెన్ మేము బస్సులో వల్లె వేసిన పేరే.

రెండింట్లోనూ ఒకే మందు ఉందా అని ఒకావిడ అడిగింది. ఉందన్నాను. బీపీ మాత్రలు వాడే ముసలావిడ, మరి నేను వేసుకోవచ్చా అని నన్నే అడిగింది. పెద్దమ్మే జవాబు చెప్పింది, అది చెప్పాల్సింది డాక్టరు గానీ మేస్త్రి కాదని. కొందరు అలవాటు కొద్దీ మింగారు. కొందరు కొంగున ముడేసుకున్నారు.

పెద్దమ్మ క్యారేజీ విప్పి కడుపునిండా తిని, సాల్లోకి దిగింది. ఎండ ముదిరి నడుం పట్టేశాక గట్టు మీద కూర్చుని, మేస్త్రి చూస్తుండగానే తెల్ల షీట్లోంచి ఒక పారాసెటమాల్ వేసుకుని చెంబెడు నీళ్లు తాగింది. నొప్పి తగ్గేదాకా లేవలేదు.

మర్నాడు ఆటో మా గుమ్మం ముందు ఆగలేదు. పెద్దమ్మ అది మలుపు తిరిగేదాకా చూసింది.

"నడుం నాది, కడుపూ నాదే. ఆటో వాడిది, పోనీ," అంది. క్యారేజీ తీసుకుని పక్క ఊరి ముఠాకి నడిచి వెళ్లింది. అక్కడ కూలి తక్కువ. ఆ ఏడంతా మాకు చాలీచాలని తిండే. అయినా పాత ముఠా ఆడవాళ్లు కొందరు సాయంత్రాలు బిళ్ళల షీట్లు పట్టుకుని నాచేత చదివించుకోవడానికి వచ్చేవాళ్లు.

నలుగురిలో నాకు ఇప్పటికీ గొంతు పెగలదు. మొన్న చిలకలూరిపేటలో పంటినొప్పికి మందులషాపుకి వెళ్తే, షాపాయన పేరున్న వైపు తన దగ్గరే ఉంచుకుని రెండు బిళ్ళల ముక్క కత్తిరించి ఇచ్చాడు. నేను తీసుకోలేదు. పేరు చూడాలన్నాను, గడువు తేదీ కూడా చూడాలన్నాను. వెనకున్నాయన, ఇంత చిన్న బిళ్ళకి ఇంత విచారణా అని విసుక్కున్నాడు. చెవులు వేడెక్కాయి. అయినా మొత్తం షీటు నా చేతికిచ్చేదాకా అక్కణ్ణించి కదల్లేదు.