దొర మందలో అప్పన్న కోడె

ఓడెక్కి వచ్చిన పరదేశంలో, సుంగై సిపుట్ పట్నానికి ఉత్తరాన ఉన్న ఆ రబ్బరు తోటలో తాతబాబు కన్నంటే దొరకు గురి, కూలీలుండే లైన్లకు హడలు. ఎనిమిది నెలల దూడను ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి చూసి, మూడేళ్లకు అదెంత ఎత్తు ఎదుగుతుందో, ఎంత ఒళ్లు చేస్తుందో చెప్పేవాడు. చెప్పినట్టే అయ్యేది. చిక్కేమిటంటే, ఆ కన్ను దూడల దగ్గర ఆగేది కాదు. పెద్దమనిషివి కదా రమ్మని పెళ్లిచూపులకు పిలిస్తే, పిల్ల కాఫీ పట్టుకొచ్చి ఇచ్చేలోపే "నడుం గట్టిదే గానీ ఎడం కాలు ఈడుస్తన్నాది" అని తేల్చేసేవాడు. రెండు సంబంధాలు అలా తగలేశాక అందరూ పిలవడం మానుకున్నారు. అందుకతను నొచ్చుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి జనం ఎప్పుడు భరించారు గనక, అనుకుని బీడీ ముట్టించేవాడు.

దొరకు నలభై ఆవుల మంద ఉండేది. పాలకు కాదు, మాంసానికి. పట్నంలో దొరల క్లబ్బుకూ తగరం గనుల వాళ్లకూ అక్కణ్నుంచే వెళ్లేది. ఈ సంగతి తాతబాబుకు తెలుసు, తెలియనట్టు ఉండటమూ తెలుసు. కసాయి బండి వచ్చే రోజున మంద కాపరి తాతబాబుకు అవతలి కంచె దగ్గర ఏదో ఒక అర్జెంటు పని పడేది. ఏరడం వరకే నా వంతు, ఆపైన దొర పాపం దొరదే అని పంపకం చేసుకుని నిశ్చింతగా ఉండేవాడు.

ఏరడం మాత్రం మహా నిష్ఠగా ఏరేవాడు. నడ్డి ఎంత వెడల్పో జానతో కొలిచేవాడు. డొక్కల మీద తోలును రెండు వేళ్లతో లాగి వదిలి, అది ఎంత తొందరగా సర్దుకుంటుందో చూసేవాడు. అన్నిటికంటే ముందు తల్లిని చూసేవాడు. సొంత దూడను తన్నే ఆవు కడుపున ఎంత అందమైన కోడె పుట్టినా మందకు పనికిరాదనేవాడు. ఏ ఆవును ఏ ఆబోతుకు కట్టించాడో పాక గుంజ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. తండ్రి పోతు తన పెయ్యల మీదికే రాకుండా కాపలా కాసేవి ఆ గీతలే. దొర నెలకోసారి వచ్చి వాటిని తన పుస్తకంలోకి ఎక్కించుకునేవాడు. తన బొగ్గు గీతలు తోలు అట్టల పుస్తకంలోకి వెళుతుంటే తాతబాబు మీసం దానంతటదే పైకి లేచేది.

పందొమ్మిది వందల ఇరవై ఆరులో ముసలి పోతుకు కాలు పడిపోయింది. కొత్త పోతును ఏరాలి. ఈడుకొచ్చిన కోడెలు మూడున్నాయి. ఒకటి మందలో ఉంటుంది, మిగతా రెండూ శనివారం బండెక్కుతాయని దొర చెప్పాడు. తాతబాబుకు ఆలోచించే పనే లేకపోయింది. ఎర్రోడు. వెన్ను బల్లపరుపు, నిండైన తొడలు, తల్లి సాధువు. రెండోవాడు మచ్చలోడు, పర్వాలేదు. మూడోవాడు సన్నాసి. వాడి గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది.

సన్నాసి పుట్టిన మూడో రోజున తల్లిని పాము కరిచింది. తాతబాబు భార్య దేవుడమ్మ వాణ్ణి గంజి పోసి, కర్రపెండలం ఉడకబెట్టి పెట్టి పెంచింది. గుమ్మంలో పడుకోవడం వాడికి అలవాటు. గుడ్డ కనబడితే నమలడం అలవాటు. కూలీల మీద మేస్త్రీ అయిన కంగాణి పైడయ్య తలపాగా ఒకటి వాడి పొట్టలోనే ఉంది. తిండి మాత్రం ఒంటికి పట్టేది కాదు.

ఆ సాయంత్రం తాతబాబు ఇంటికొచ్చి, ఎర్రోణ్ణి ఏరానని చెప్పాడు.

"మరి సన్నాసి?" అంది దేవుడమ్మ.

"బండెక్కుతాడు."

దేవుడమ్మ గరిటె కింద పెట్టింది. "ఆణ్ణెలా ఎక్కిస్తావు? ఆడు అప్పన్నోడు."

"ఏ అప్పన్న?"

"ఎంతమంది అప్పన్నలున్నారేటి? సింహాద్రి అప్పన్న. రెండేళ్ల కిందట జొరమొచ్చి ఆసుపత్రిలో పడున్నావు కాదా, అప్పుడు మొక్కినాను. నా మనిషి లేచి కూకుంటే నీ పేర కోడెను వదుల్తాను సామీ అని."

"మరి నాకు సెప్పలేదేటే?"

"సెప్తే నువ్వు మందలో మేలైందేదో ఏరుదువు. దాన్ని దొర ఇవ్వడు. సన్నాసి మందకి పనికిరాడని నువ్వే అన్నావు కదా మావా. పనికిరాందాన్ని దొర మాత్రం ఏటి సేసుకుంటాడు, మనకే వదిలేస్తాడులే అని ఆణ్ణే అనుకున్నాను."

తాతబాబు తల పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా కసాయి మంద కాపరికి వండి పెడుతున్న మనిషికి, పనికిరానిదే ముందు బండెక్కుతుందన్న సంగతి తట్టలేదు. తట్టేదెలా? ఆ బండి వచ్చినప్పుడల్లా మొగుడూ పెళ్లాం ఇద్దరూ మొహం తిప్పుకునేవారు కదా.

మొక్కిన కోడెను చంపకూడదు. విత్తులు కొట్టించకూడదు. కాడి కట్టకూడదు. దేవుడి పేరు చెప్పి వదిలేస్తే అది ఇష్టం వచ్చిన చోట మేస్తుంది, ఇష్టం వచ్చిన ఆవు వెంట పడుతుంది. తమ వైపు ఊళ్లలో అది ఊరందరికీ సంబరం. ఇక్కడ దొర మందలో వదిలితే రెండేళ్లలో మందంతా డొక్కలు తేలిన సన్నాసులే. తాతబాబు బొగ్గు గీతలన్నీ గంగలో కలిసినట్టే.

పోనీ వదలకపోతే? మొక్కు ఎవరి ప్రాణానికి మొక్కిందో గుర్తొచ్చి, తాతబాబుకు వెన్నులో చలి పుట్టింది. అది భయమో మళ్లీ జ్వరమో తేల్చుకోలేక, మర్నాడంతా తన నుదురు తనే పట్టి చూసుకుంటూ తిరిగాడు. నిజంగానే భయపడ్డాడు పాపం.

ఇక మిగిలింది ఒక్కటే దారి, సన్నాసినే మంద పోతుగా ఏరడం. రెండు రోజులు వాడి చుట్టూ తిరిగి మంచి గుణం కోసం వెతికాడు. ముందునుంచి చూశాడు, వెనకనుంచి చూశాడు, ఎండలో చూశాడు, నీడలో చూశాడు. గురువారం దొర టేపు పట్టుకుని రాగానే గొంతు సవరించుకున్నాడు.

"దొరా, మళ్లీ సూసినాను. ఈడు నిదానంగా ఎదిగే రకం."

దొర సన్నాసిని చూశాడు, తాతబాబును చూశాడు. "వీడిలో బాగున్నదేమిటి?" అన్నాడు తనకొచ్చిన అరవంలో.

తాతబాబు సన్నాసి చుట్టూ ఇంకోసారి తిరిగి వచ్చాడు. "తోక," అన్నాడు.

దొర టేపు తీశాడు. నడ్డి కొలిచేటప్పుడు అవతలి కొస పట్టుకున్న తాతబాబు వేళ్లు కాస్త వదులయ్యాయి. దొర అంకె చూసి, మళ్లీ కొలిచి, ఈసారి రెండు కొసలూ తనే పట్టుకున్నాడు. ఈలోగా సన్నాసి దొర చంకలోని పుస్తకం మూల నమలడం మొదలుపెట్టాడు.

"పోయిన నెల వీడి గురించి నాతో ఏమన్నావు?" అన్నాడు దొర, తడిసిన పుస్తకం లాక్కుంటూ.

"తిన్న గడ్డికి సరిపోడన్నాను."

"ఇప్పుడు?"

తాతబాబు నోరు తెరిచాడు. నాలుక ఎంత తిప్పుదామన్నా తిరగలేదు. "ఇప్పుడూ అంతే దొరా," అన్నాడు కళ్లనీళ్లు తిరుగుతుంటే. "ఎన్ను పల్లం, కాళ్లు వంకర. కానీ ఈడు మీ సొమ్ము కాదు. అప్పన్న సొమ్ము."

"అప్పన్నెవడు? ఏ లైనులో ఉంటాడు?"

"మా దేవుడు, దొరా."

దొర టోపీ తీసి తల గోక్కున్నాడు. మొక్కు సంగతంతా విని, విత్తులు కొట్టించి రబ్బరుపాల బండికి కడదామన్నాడు. అది కూడదన్నాడు తాతబాబు. అంతలో పైడయ్య కంగాణి వచ్చి దొర చెవిలో ఒక మాట వేశాడు. దేవుడి కోడెను కసాయికిస్తే సోమవారం నాడు ఒక్కడు కూడా కత్తి పట్టి రబ్బరు చెట్టు దగ్గరికి పోడని లైన్లలో అనుకుంటున్నారట. తలపాగా పోయిన మనిషి కూడా సన్నాసి పక్షానే నిలబడ్డాడు.

"శనివారం దాకా గడువు," అన్నాడు దొర. "నా ఆవు ఒక్కటి కూడా వీడికి అందని చోటికి తోలుకుపో. లేదంటే బండెక్కిస్తాను. పని మానేస్తే మానేసుకోండి."

అందని చోటంటే ఎక్కడ? తోట చుట్టూ దొర ఆవులే. పక్క తోటలో ఆ దొర ఆవులు. శుక్రవారం తాతబాబు గుంజ ముందు కూర్చుని, సన్నాసి పేర ఒక గీత గీసి, దాన్ని ఏ ఆవు గీతతో కలిపినా తప్పే అవుతుంటే చెరిపేస్తూ కూర్చున్నాడు. విసుగొచ్చి తల ఎత్తేసరికి, ఏటి అవతల, ఆ దేశపు రైతు పాక్ సమద్ వరి మళ్ల పక్కన బురదలో గేదెలు పొర్లుతున్నాయి. ఇరవై గేదెలు. ఆవు ఒక్కటంటే ఒక్కటి లేదు.

తాతబాబు ఒక్క ఉదుటున లేచాడు. ఆవు జాతి కోడె గేదెల మధ్య పదేళ్లు మేసినా దూడ పుట్టదు. ఎవరి గీతలూ చెడవు. పంచె పైకి కట్టి, మొలలోతు నీళ్లలో ఏరు దాటాడు.

పాక్ సమద్ ముసలాయన. చుట్ట తాగుతూ అంతా విని, పొట్ట పట్టుకుని నవ్వాడు. "బోలే లా," అన్నాడు, సరే రానిమ్మని. "గడ్డి దేవుడిచ్చింది, తినేవాణ్ణి తిననీ. మా పండక్కి కోయాల్సొచ్చినా వాడి జోలికి పోను. దేవుడికిచ్చిన దాంతో నాకేం పని?"

శనివారం పొద్దున్నే దేవుడమ్మ సన్నాసికి నీళ్లు పోసి, పసుపు రాసి బొట్టు పెట్టింది. సింహాచలం ఎటుందో అటు తిప్పి దణ్ణం పెట్టించాలని ఆవిడ పట్టు. తమను తెచ్చిన ఓడ పడమట నుంచి వచ్చింది కాబట్టి పడమరేనన్నాడు పైడయ్య. కాదు, ఉత్తరానికి ఒరుగుతుందన్నాడు తాతబాబు. వీళ్లు తేల్చుకునేలోగా సన్నాసి తనకు నచ్చిన వైపు తిరిగి, పైడయ్య కొత్త తలపాగా కొస అందుకున్నాడు. అదే సింహాచలం అనుకుని కొబ్బరికాయ కొట్టేశారు.

ఏరు దాటించి పలుపు విప్పేసరికి వాడు పరుగున వెళ్లి బురదలో దిగాడు. గేదెలు తల కూడా తిప్పలేదు. ఇవతల తోట గేటు దగ్గర కసాయి బండి వచ్చిన చప్పుడయింది. మచ్చలోడు ఒక్కడే ఎక్కుతాడు. తాతబాబు అటు చూడలేదు.

"ఇప్పుడైనా ఆణ్ణి ఒక మంచి మాట అను మావా," అంది దేవుడమ్మ గట్టు మీద కూర్చుంటూ.

తాతబాబు కళ్లు చికిలించి చూశాడు. "ఎన్ను పల్లం. ఎనక కాళ్లు ఒకదాన్నొకటి తన్నుకుంటన్నాయి. డొక్కలు తేలిపోనాయి. ఇంక ఒళ్లు పట్టడు."

ఎప్పట్లా కోప్పడుతుందనుకున్నాడు. దేవుడమ్మ కోప్పడలేదు.

"ఆసుపత్రిలో మందిచ్చే డ్రెస్సరు నీ మంచం కాడ నిలబడి ఇలాగే అన్నాడు. కళ్లు ఎత్తి సూసినాడు, డొక్కలు నొక్కి సూసినాడు. ఈడికి మందు దండగ, ఇంక లేవడు అనీసినాడు. అక్కడున్నోళ్లందరూ సరే అన్నారు. నాను అననేదు."

తాతబాబు పలుపు చుట్టడం మొదలుపెట్టాడు. డ్రెస్సరు తప్పు చూశాడని అందామనుకున్నాడు. తానే ఆ డ్రెస్సరైతే ఆ మంచం మీది మనిషిని చూసి ఏమనేవాడో తెలుసు గనక అనలేకపోయాడు. అవతల బురదలో సన్నాసి ఒక గేదె చెవి నమలబోయి, కుమ్ము తిని, మళ్లీ దాని పక్కనే నిలబడ్డాడు.

"ఇక్కడ గడ్డి బాగున్నాది," అన్నాడు తాతబాబు చివరికి. "ఒళ్లు పట్టినా పడతాడులే."