చేదు వేలు

ఆల్బర్టీనియా కొండల్లో కలబంద కోసే ఫ్లోరిస్ చేత్తో ఇచ్చిన రొట్టె ఎవరూ తినరు. అందుకు ఆయనెప్పుడూ నొచ్చుకోలేదు. తన రొట్టె తనే ఫోర్కుతో తింటాడు, ముక్కు దురదపెడితే మోచేత్తో రుద్దుకుంటాడు. పొద్దున్నే మట్టలు నరికి, కోసిన మొదళ్ళు లోపలికి ఉండేలా, రసం కారడానికి తవ్విన గుంట చుట్టూ పేరుస్తాడు. మట్ట నడిమి గుజ్జుకి రుచే ఉండదు. చేదంతా తోలు కింద కారే పసుప్పచ్చటి రసంలోనే. విరేచనాల మందు కోసం కొనేవాళ్ళు ఆ చేదుని అలోయిన్ అంటారు. మరిగిస్తే నీరు పోతుంది గానీ చేదు పోదు, నల్లటి గాజులా గడ్డకడుతుంది. ఫ్లోరిస్ గోళ్ళ సందుల్లోనూ అదే. ఏ సబ్బుకీ లొంగదు.

మొన్న ఆదివారం కూతురు కట్రీన చిన్న గడ్డ అడిగింది, పాపచేత పాలు మాన్పించడానికి. ఇక్కడి తల్లులు రొమ్ముకి రాసుకునేది అదే.

"మిరియాలపొడి రాసుకోరాదూ," అన్నాడు.

"అమ్మ నాకూ దీంతోనే మాన్పించింది కదా నాన్నా. ఇంత గడ్డకి పిసినారితనమేంటి?"

"పిసినారితనం కాదే. ఈ రుచి తెలిస్తే ఇక నా దగ్గరికి రాదది."

కట్రీన నవ్వి, తనే డబ్బాలోంచి తీసుకుంది. సాయంత్రం పాప ఒక్కసారి నోరు పెట్టి, మొహం చిట్లించి, ఏడుస్తూ తల్లిని తోసేసింది. పాకుతూ వచ్చి తాత మోకాలు పట్టుకుంది. ఆయన చేతులు వెనక్కి దాచుకున్నాడు. అది ఊరుకోలేదు, బొటనవేలు లాక్కుని నోట్లో పెట్టుకుంది. మళ్ళీ మొహం చిట్లించింది. అయినా రెండు చేతులా పట్టుకుని చీకుతూనే ఉంది.

"వదిలేలా లేదు నాన్నా. రేపు దాని గుడ్డలు మాత్రం నువ్వే ఉతుకు," అంది కట్రీన.

ఫ్లోరిస్ అలాగేనని తలూపాడు. వేలు మాత్రం కదపలేదు.