పాత పడుగుకు కొత్త లినక్స్

అప్పట్లో నా చేతికి ఇంజనీరింగ్ పట్టా కొత్తగా వచ్చింది. ఉద్యోగం మాత్రం ఇంకా దారిలో ఎక్కడో ఆగి చాయ్ తాగుతోంది. ఆ వయసులో మనిషికి తెలివి కంటే తీరిక ఎక్కువ ఉంటుంది. ఆ రెండింటికీ తేడా తెలియకపోవడాన్నే యవ్వనం అంటారని ఇప్పుడు అనిపిస్తుంది (అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్ని కాదు). రాష్ట్రం కూడా కొత్తదే. ఇద్దరం కలిసి పైకొస్తామని నా అంచనా.

నారాయణపేటలో మా పెద్దబాపుకు, అంటే నాన్న వాళ్ల అన్నకు, మగ్గాలతోపాటు ఒక ముసలి కంప్యూటర్ ఉండేది. ఏళ్లుగా ఆయన గీసిన చీర అంచులన్నీ అందులోనే ఉండేవి. ఆయన బటన్ నొక్కేసి, అది తెరుచుకునేలోపు మగ్గం మీద జానెడు నేసి వచ్చేవాడు. ఆ సాయంత్రం హైదరాబాద్ షావుకారు వస్తున్నాడు. అంచులు చూసి మెచ్చితే పెళ్లిళ్ల సీజనంతా మా మగ్గాలకు పని. లేకపోతే మరో ఊరి మగ్గాలకు. అంచులున్న భాగం జోలికి పోకుండా అదే డిస్కులో లినక్స్ అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, కంప్యూటర్‌ను గుర్రంలా పరుగెత్తిస్తానని మాటిచ్చాను. నాలుగు చోట్ల 'సరే' నొక్కితే అయిపోయే పద్ధతి ఒకటుంది. కానీ ఇంత చదివి 'సరే' నొక్కడమేమిటని, ఒక్కో ఆదేశం చేత్తో కొట్టే దారి పట్టాను.

ఆ దారిలో పెన్‌డ్రైవ్ నుంచి ఒక తాత్కాలిక లినక్స్ నడుస్తుంటుంది. డిస్కులో కొత్తదాన్ని కట్టి, క్రూట్ అనే ఆదేశంతో దాని లోపలికి వెళ్లి మిగతా పని చేయాలి. అయితే కొత్త ఇంట్లో గోడలే తప్ప కరెంటుండదు. అందుకని నడుస్తున్నదాని డెవ్, ప్రాక్, సిస్ అనే డైరెక్టరీలను ముందు కొత్తదానికి మౌంట్ చేయాలి. అంటే పక్కింటి నుంచి తీగ లాక్కోవాలి. ఇదంతా వివరిస్తే పెద్దబాపు తల పంకించి, "అంటే పాత పడుగు కొసలకు కొత్త పడుగు అతికినట్టే గద బిడ్డా?" అన్నాడు. అచ్చం అంతేనన్నాను. మగ్గం మీద పడుగు అయిపోవస్తే పాత పోగులను తీసేయరు. కొత్త పోగులను ఒక్కొక్కటే వాటి కొసలకు అతికి, అతుకులు ముందుకు జరిగాక పాత కొసలు కోసి పారేస్తారు. అతుకు విప్పే అలవాటు మా ఇళ్లలో లేదు.

నా కొంప ముంచింది ఆ చివరి మాటే. పని అంతా సవ్యంగా అయ్యాక ఆ మూడింటినీ అన్‌మౌంట్ చేయాలి, అంటే అతుకు విప్పాలి. నేను నేతవాళ్ల పిల్లగాణ్ని, కోశాను. ఆ మూడింటి లోపలున్నదంతా తుడిచిపెట్టే ఆదేశం కొట్టాను. అక్కడ కనిపిస్తున్నది నకలు కాదని, అసలుదేనని అప్పుడు తోచలేదు. ప్రాక్, సిస్ అనుమతి లేదని మొండికేశాయి. డెవ్ మెత్తని మనిషి. మారుమాట లేకుండా పోయింది. డిస్కు ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలిసేది దాంతోనే. డిస్కు చూపించమంటే, అలాంటిదేమీ లేదంది.

"ఏమాయె?" అన్నాడు వెనక నుంచి పెద్దబాపు.

"పాత కొసలు కోసిన."

"మంచిగ చేసినవ్."

సాక్ష్యం మిగలకూడదని పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాను. తెర ఉన్నచోటే బిగుసుకుపోయింది. ఆపితే మళ్లీ లేవదని, ఆపనంతసేపూ అంచులు లోపల ఎక్కడో బతికే ఉంటాయని నా నమ్మకం. ఇంతలో షావుకారు జడ్చర్ల దాటాడని ఫోనొచ్చింది. కరెంటు పోకుండా చూస్తే యాదగిరిగుట్టకు నడిచి వస్తానని నరసింహస్వామికి మొక్కుకున్నాను.

కరెంటు పోలేదు. పెద్దమ్మ వచ్చింది.

"జర జరుగు, నల్లా వచ్చింది. మోటర్ పెట్టాలె."

ఆ ఇంట్లో మోటరుకూ కంప్యూటర్‌కూ ప్లగ్గు ఒక్కటే. నల్లా వచ్చినప్పుడు దేవుడి దీపమైనా పక్కకు జరగాల్సిందే. తీయొద్దని, అంచులన్నీ పోతాయని బతిమాలాను.

"నీళ్లు వోతే మల్ల ఎల్లుండిదాంక రావు. నీ అంచులు ఎటు వోతయ్?" అని పీకేసింది.

డ్రమ్ములు నిండుతుంటే, పెద్దబాపుతో ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ నిలబడ్డాను. పెద్దమ్మ కంప్యూటర్ ప్లగ్గు మళ్లీ పెట్టింది. పెద్దబాపు అలవాటుగా బటన్ నొక్కి మగ్గం వైపు తిరిగాడు. రెండడుగులు వేసేలోపే కంప్యూటర్ తెరుచుకుంది. కొత్త లినక్స్. అంచులన్నీ ఉన్నాయి. డెవ్ డిస్కు మీద ఉండేది కాదని, కంప్యూటర్ లేచినప్పుడల్లా కొత్తగా పుట్టేదని చాన్నాళ్లకు చదివి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం, ఇంత జల్దీ ఎట్లయిందని పెద్దబాపు అడిగితే, "అట్లనే ఉంటది" అన్నాను. అంచులు మెచ్చి షావుకారు సీజనంతా నేయమన్నాడు. "మా పోరడు అతికిండు" అని పెద్దబాపు మురిసిపోయాడు.

ఇప్పుడు హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. అతుకులు విప్పడం నేర్చుకున్నాను. తేలనిది మొక్కు సంగతే. కరెంటు పోలేదు కాబట్టి తీర్చాలా, ప్లగ్గు పీకారు కాబట్టి అక్కర్లేదా అని గుట్ట మీదుగా బస్సు పోయినప్పుడల్లా ఆలోచిస్తాను. తీర్చాల్సిందేనని లోపల తెలుస్తూనే ఉంటుంది. మొక్కుకున్నవాడు మగ్గాల వీధులన్నీ పరుగున చుట్టి వచ్చే కుర్రాడు; నడవాల్సినవి మాత్రం కుర్చీకి అలవాటుపడ్డ ఈ మోకాళ్లు.