లైట్లు చూసే పని

ఈ ఉదయం మెకానిక్‌కి అబద్ధం చెప్పాను.

మా మామగారి పాత లారీని నా భార్య వరాలు ఉన్నన్నాళ్ళూ అమ్మనివ్వలేదు. ఆమె పోయిన నాలుగు నెలలకి అమ్మేశాను. కొన్న రైతు మస్తూరీ అనే ఊరి నుంచి తీసుకెళ్ళడానికి వచ్చాడు. తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. మెకానిక్ హెడ్‌లైట్లు వేసి, నన్ను ముందు నిలబెట్టి మళ్ళీ తిప్పాడు. వెలుగు తగ్గితే లోపం బ్యాటరీది, తగ్గకపోతే స్టార్టర్‌ది. తగ్గలేదు. తగ్గిందన్నాను. బ్యాటరీ విప్పి చార్జింగుకి పట్టుకెళ్ళాడు.

రైల్వే కాలనీలో నాతో పెరిగినవాళ్ళకి ఈ లారీ గుర్తుండే ఉంటుంది. పక్కనున్న బిల్హా ఊరి నుంచి ధాన్యం మోసేది. దగ్గరికి వెళితే తవుడూ డీజిలూ కలిసిన వాసన. మొరాయించినప్పుడల్లా లైట్లు చూసే పని నాదీ, పక్కింటి పిల్ల వరాలుదీ. ఒకసారి వెలుగు తగ్గకపోయినా తగ్గిందని అరిచింది. నేను చూశాను, నోరు మెదపలేదు. వాళ్ళ నాన్న బ్యాటరీని చార్జింగుకి ఇచ్చి ఆ రోజంతా ఇంట్లోనే ఉన్నాడు.

మర్నాడూ అదే టక్. స్టార్టర్ విప్పితే లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉన్నాయి.

"నిన్న లైటు తగ్గనేదు కదే?" అన్నాడాయన.

"నేదు నాన్నా."

"మరి తగ్గిందన్నావేటి?"

"నేదంటే స్టార్టర్ మార్చీసి ఎల్లిపోతావు."

ఆయన కోప్పడలేదు. సీటు కింద దాచిన ఇంకో స్టార్టర్ తీసి బిగించాడు. మధ్యాహ్నానికి వెళ్ళిపోయాడు.

రేపు మా మెకానిక్ కూడా స్టార్టరే మారుస్తాడు. ఇవాళ్టికి లారీ వాకిట్లోనే ఉంది.