గంగును రావద్దన్న రోజు

గోడల మీది తడి సున్నం వాసన తగిలితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. కరీంనగర్‌లోని మా బడికి మొన్న మళ్ళీ వెల్ల వేయించారు, తనిఖీ ఉందని. "మీ బోధనా సిద్ధాంతం ఒక పేజీలో రాసివ్వండి" అంటూ ఒక కాగితం కూడా వచ్చింది. సిద్ధాంతమట! టీచర్ ట్రైనింగ్‌లోనే రాసుకున్నాను, ఎర్ర సిరాతో కింద గీత గీసి మరీ: ప్రతి బిడ్డా నేర్చుకోగలదు. ఉద్యోగంలో చేరిన నాలుగు నెలలకే దాన్ని నా నోటితోనే అబద్ధం చేశాను. ఆ సంగతి నా మొహాన చెప్పిన మనిషి హమీదాబేగం.

నేను మొదట చేరిన ఖానాపూర్ దగ్గరి పల్లె బడిలో ఆమె అందరికన్నా పాత టీచరు. అక్క అన్నట్టుగా ఆపా అనేవాళ్ళం. ఆ మాట రాసుకున్న నోటుబుక్కు చూపిస్తే, పాన్ నములుతూ చదివి, "మస్తు రాసినవ్ పద్మా. గిది పిల్లలకు ఎరుకేనా?" అంది. నాకు రోషం వచ్చింది. ట్రైనింగ్ లేని ఈమెకేం తెలుసులే అనుకున్నాను.

తనిఖీ ఉందని ఆ బడికీ సున్నం వేయించారు. ముందురోజు పెద్దసారు పిలిచి, "చదువు రానోళ్ళను రేపు ఇంటికాడ్నే ఉండుమను. లేకుంటె బడి ఇజ్జత్ పోతది" అన్నాడు. అందరూ చేసేదే కదా అని నా మూడో తరగతిలో నలుగురిని ఏరాను. అందులో గంగు ఒకతి. తల నిమిరి, "రేపు రాకు బిడ్డా" అన్నాను. సరేనని తలూపింది. వచ్చిన అధికారి నా తరగతిని తెగ మెచ్చుకున్నాడు. మర్నాడు ముగ్గురు తిరిగి వచ్చారు. గంగు రాలేదు.

వారం తర్వాత ఆపా అడిగితే ఉన్నది చెప్పాను. నా రెక్క పట్టుకుని వాళ్ళింటికి తీసుకుపోయింది. గంగు వాళ్ళమ్మ పక్కన కూర్చుని, చేట ఒళ్ళో పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. బడికి రమ్మన్నాను.

"నేనుంటె మీకు బద్నాం అయితది గద టీచర్" అంది గంగు, చేతిలో పని ఆపకుండా.

దారిలో ఆపా విరుచుకుపడింది. "పనిదొంగ పంతుళ్ళ మీద నాకింత గుస్సా లేదు. నువ్వు తల నిమిరి మరీ ఎల్లగొట్టినవ్!"

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఆపా ఆ ఇంటికి పోయి, ఆ చేట పక్కనే కూర్చుని గంగుకు చదువు చెప్పింది. నేనూ వస్తానంటే, "నువ్వు రాకు. నిన్ను చూస్తె దాని నోరు పెగలదు" అని కసిరింది. వానలు పడేసరికి గంగు కూడబలుక్కుని చదవసాగింది. చదువు రాదని నేను తేల్చేసిన పిల్ల! బడికి మాత్రం మళ్ళీ రాలేదు. ఇంట్లోవాళ్ళు బీడీల పని మాన్పించలేదు.

ఒకరోజు ఉండబట్టలేక, "నన్ను మాఫ్ చేయండి ఆపా" అన్నాను.

"నన్నెందుకు అడుగుతవ్? నేనేమన్న గంగునా? ఇల్లు ఎరుకే గద, పో."

ఇప్పుడు ఎవరైనా ఒక పిల్లను చూపించి "దీనికి చదువు రాదు" అంటే కయ్యానికి దిగుతాను. వెనకాల నన్ను గయ్యాళి అంటారు. అననీ. కానీ ఆ కోపంలో సగానికి పైగా నా మీదే. బదిలీ అయ్యేదాకా, మరో రెండేళ్ళు, రోజూ ఆ ఇంటి ముందు నుంచే నడిచి బస్సెక్కాను. ఒక్కరోజు కూడా లోపలికి పోలేదు.