వినోద చేసిన ఆట

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అయినా మా ఇంటి సంగతి నేనే చెప్పాలి. వేరేవాళ్లు చెబితే వినోదను దేవతనన్నా చేస్తారు, లేదా "పాపం, కుంటిపిల్ల" అని నిట్టూరుస్తారు. రెండూ వింటే నాకు ఒళ్లు మండుతుంది.

వినోద మా అక్క కూతురు. అక్క బీడీలు చుడుతుంది, అక్క భర్త భూమన్న పసుపు బస్తాలు మోసే హమాలీ. ఆర్మూర్ బస్టాండ్ దగ్గర నాకో జిరాక్స్ సెంటర్ ఉంది. వినోద డిగ్రీ చదువుతుండగా సెలవుల్లో పసుపు తవ్వే కూలికి పోయింది. జక్రాన్‌పల్లి దిక్కు నుంచి వస్తుంటే ట్రాక్టర్ ట్రాలీ బోల్తా పడింది. బస్తాల మీద కూర్చున్న పిల్ల బతికి బయటపడింది గానీ నడుము కింద ఏదీ తెలియకుండా పోయింది. కాళ్లొక్కటే కాదు, మూత్రం వచ్చేది కూడా తెలియదు. దవాఖానలో పైపు వేసి, సంచి తగిలించి, చక్రాల కుర్చీ రాసిచ్చి పంపారు.

అప్పటికి ఆమెకు సంబంధం కుదిరే ఉంది. కుదరడమేమిటి, పుట్టినప్పటి నుంచీ ఉంది. దొంకేశ్వర్‌లో ఉండే భూమన్న అక్క రాజవ్వ కొడుకు శివ. మేనరికం. శివ షార్జాలో ఏసీ మెకానిక్. మంచి పిల్లగాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి? ట్రాలీ పడ్డ సంగతి తెలిసి ఫోన్‌లో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఫోన్ చేశాడు. వినోద తిన్నదా, పడుకున్నదా, మందులున్నాయా అని అన్నీ అడిగాడు. పెళ్లి మాట మాత్రం ఎత్తలేదు.

మావాళ్లూ ఎత్తలేదు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత అందరి నోళ్లలో నానుతూనే ఉంటుంది. అడిగే పని పడేసరికి అందరికీ నోరు పడిపోతుంది. భూమన్న తన అక్కను అడగడు, రాజవ్వ కొడుకును అడగదు, ఆడపిల్ల నోరు తెరిచి అడిగితే బాగుండదట. వినోదకు మాత్రం లోపల శివే. నాకు తెలుసు. శుక్రవారం పొద్దున తల దువ్వుకోవడం చూస్తే గుడ్డివాళ్లకైనా తెలుస్తుంది.

ఫోన్‌లో ఏవో ప్రేమకథల ఆటలు పట్టుకుంది ఆ రోజుల్లో. బొమ్మ వస్తుంది, కింద మాటలు వస్తాయి, నువ్వేమంటావని రెండు మూడు జవాబులు వస్తాయి. ఏది నొక్కితే కథ ఆ దారిన పోతుంది. ఆ ఆటల్లో ఒకదాంట్లో చూపులేని అమ్మాయి, ఇంకోదాంట్లో కాలులేని అమ్మాయి. హీరో వాళ్లతో స్నేహం చేసి, ప్రేమించి, తానూ మనిషిగా మారుతాడు. వినోద అవి ఆడి ఆడి ఒకరోజు ఫోన్‌ను మంచం మీద విసిరేసింది.

"అందరు సినిమా హీరోయిన్ల లెక్కనే ఉంటరు చిన్నమ్మా. ఒక్కదానికన్న ఉచ్చసంచి ఉన్నదా?"

"ఉంటే ఆటెవడు ఆడుతడే?" అన్నాను.

"నేను చేస్త. చూద్దాం ఎవడాడుతడో."

అన్నంత పనీ చేసింది. పొద్దున్నే భూమన్న ఆటోలో తెచ్చి నా దుకాణంలో దింపేవాడు. ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి నా కంప్యూటర్‌లో వేసుకుంది. వేలితో ఫోన్ మీద బొమ్మలు గీసింది. జిరాక్స్‌కు వచ్చినవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఒకాయన "గిదేం చదువు బిడ్డా?" అంటే "లవ్వు చదువు" అంది. ఆయన కాగితాలు మరిచి పోయాడు.

ఆటలో పిల్ల పేరు తార. మన ఆర్మూరే, మన మాటలే. తారకు చక్రాల కుర్చీ ఉంది, సంచి ఉంది, కోపం ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన పిల్లగాడు తారను కలుస్తాడు. ఆ పిల్లగాడివి నువ్వే. ఒకచోట పసుపు మార్కెట్ ముందు మట్టిలో కుర్చీ దిగబడుతుంది. తెర మీద మూడు మాటలు వస్తాయి: వెనుక నుంచి నెట్టు. ఏం చెయ్యమంటవని అడుగు. చూడనట్టు పో. మొదట ఆడింది నేనే. నేను నెట్టాను. తార నవ్వి "మంచోనివి" అంది. నాకు సంతోషమైంది. మందులు తెచ్చిచ్చాను, ఆమె తరఫున ఆమె అమ్మతో మాట్లాడాను, ఎవడో వెక్కిరిస్తే కొట్టాను. అంతా చేశాక చివర్లో తార ఏమంది? "నీకు నడిచే పిల్ల దొరుకుతది. చేసుకొని సుఖంగ ఉండు. నా మీద ఒట్టు." ముగిసింది అని పడింది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఏమే, సాయం జేసుడు గూడ తప్పేనా?"

"తప్పు గాదు చిన్నమ్మా. ఒక్కసారన్న నన్నడిగినవా? అన్నీ నువ్వే అనుకొని చేసినవ్. గట్ల జాలితోని బతుకంత నెట్టుకపోతవని తారకు భయం. మల్ల ఆడు. ఈసారి అడుగు."

మళ్లీ ఆడాను. మట్టి దగ్గర అడిగాను. "చక్రం ముందట రాయి తియ్యి చాలు, నేనే వస్త" అంది తార. ఆమెను కోప్పడనిచ్చాను, వాదనలో గెలవనిచ్చాను. చివర్లో "నీ మనసుల ఏమున్నది?" అనే జవాబు కొత్తగా కనబడింది. అది నొక్కితే తార చెప్పింది: "నిన్నే చేసుకోవాల్నని ఉన్నది."

వినోద మనసులో మాట మొదటిసారి విన్నది నేనే, అదీ కంప్యూటర్ తెర మీద. ముక్కు తుడుచుకుని, "మొదటిసారే గిది రావద్దా?" అన్నాను.

"మొదటిసారి అందరు ఓడిపోతరు. గిసొంటి ఆటలు ఎవ్వలు ఒక్కసారి ఆడి ఇడువరు చిన్నమ్మా. మల్ల ఆడుడే అసలు ఆట."

శివకు లింక్ పంపింది. "బావా, నేను జేసిన ఆట. ఆడి చెప్పు" అని రాసింది, అంతే. తర్వాతి శుక్రవారం జవాబు వచ్చింది: "మస్తున్నది వినోదా. నీ మనసుల మాట అర్థమైంది."

ఆ ఫోన్ పట్టుకుని ఆమె నవ్విన నవ్వు నేను ఈ జన్మలో మరిచిపోను. నేను మా అక్కకు చెప్పాను. అక్క చాటలో ఆకులు అట్లే వదిలేసి, పెళ్లికి మండపం ఎక్కడ, కుర్చీ ఎక్కడానికి బల్ల ఎట్లా వేయించాలి అని మొదలుపెట్టింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నెల తిరగకముందే రాజవ్వ భూమన్నకు ఫోన్ చేసింది. "తమ్మీ, శివకు నవీపేట్ల పిల్లను చూసినం. స్వర్ణ. నిశ్చయం గూడ చేసుకుంటున్నం. శివనే సరేనన్నడు" అని చెప్పింది.

భూమన్న ఫోన్ పెట్టి బయటికి పోయాడు. వినోద ఏడవలేదు. "బావనే సరేనన్నడా?" అని ఒకసారి అడిగింది. అవునన్నాం. "అన్ని తెలిసి వద్దనుకున్నడు. గది ఆయనిష్టం" అంది. నేను ఆ రాజవ్వను, ఆమె కొడుకును, షార్జాను కలిపి తిట్టాను. వినోద నన్ను ఆపింది. ఆ వారం కంప్యూటర్ ముట్టలేదు.

మా ఇండ్లల్లో మేనరికం పిల్లను కాదని వేరే పిల్లను చేసుకుంటే, పిల్లగాడు ముందుగా మేనమామ ఇంటికి వచ్చి చెప్పుకోవాలి. శివ షార్జా నుంచి దిగి, మిఠాయి పట్టుకుని వచ్చాడు. భూమన్న లేడు, పనికి పోయాడు. అక్క లోపలే ఉండిపోయింది. నేను వాకిట్లో అడ్డంగా నిలబడ్డాను.

"అత్తా, నామీద కోపం జెయ్యకు. వినోద చెప్పినట్లే చేసిన."

"అదేం జెప్పిందిరా నీకు?"

"ఆటల చెప్పింది గద. నడిచే పిల్లను చేసుకో అన్నది. ఒట్టు గూడ పెట్టింది. నోటితోని చెప్పలేక గట్ల చెప్పిందని ఎంత ఏడ్చిన్నో నాకే ఎరుక. దాని మాట దాటలే అత్తా."

లోపలి నుంచి కుర్చీ చప్పుడైంది. వినోద గడప దగ్గరికి వచ్చింది. ముఖం తెల్లగా పాలిపోయింది.

"ఎన్నిసార్లు ఆడినవ్ బావా?"

"ఒక్కసారే. ముగిసింది అని వచ్చినంక మల్ల ఆడుడు ఎందుకు?"

"మట్టిల కుర్చీ దిగబడితే ఏం జేసినవ్?"

"ఏం జేస్త? నెట్టిన. నువ్వు గట్ల కష్టపడుతుంటె చూస్తనా?"

వినోద కళ్లు మూసుకుంది. తర్వాత అతని ఫోన్ తీసుకుని, ఆట తెరిచి, చేతిలో పెట్టింది. "ఈసారి నన్నడుగుకుంట ఆడు" అంది. వాకిట్లో కూర్చుని ఆడాడు. తాను చూడని తారను చూశాడు. చివరి మాట వచ్చింది. "నిన్నే చేసుకోవాల్నని ఉన్నది" అని పైకే చదివి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని భోరుమన్నాడు.

"గిదున్నదని నాకేం ఎరుక వినోదా?"

"నిజంగ అడుగొచ్చు గద బావా. ఫోనున్నది. ప్రతి శుక్రవారం మాట్లాడినం."

అతను దిగ్గున లేచాడు. "ఇప్పుడే పోయి అమ్మకు చెప్త. పెండ్లి బంద్." నా గుండె ఎగిరి గంతేసింది. మిఠాయి డబ్బా విప్పుదామా అన్నంత సంతోషం. మా అక్క తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. వినోద ముఖంలోకి కూడా రక్తం వచ్చింది, నేను చూశాను.

"మరి స్వర్ణ?" అంది వినోద.

"స్వర్ణకేంది?"

"మాట్లాడుతున్నరా మీరు?"

"దినాం మాట్లాడుతది. పనిజేసే బట్టల దుకాణం గూడ ఇడిసిపెట్టింది." తల గోక్కున్నాడు. "మంచి పిల్లనే. ఏడుస్తది, ఏం జేస్తది? నాలుగు దినాలైతే మర్చిపోతది."

వినోద ముఖం వాడిపోయింది.

"నా గురించి గూడ గట్లనే అనుకున్నవా బావా? ఏడుస్తది, మర్చిపోతది అని?"

శివ నోరు తెరిచాడు. చెడ్డవాడైతే ఏదో ఒకటి అనేవాడు. మంచివాడు కాబట్టి నిలబడిపోయాడు.

"ఇప్పుడు గూడ నువ్వే అనుకుంటున్నవ్. గా పిల్లను అడుగలే. నన్ను గూడ అడుగలే, వస్తవా అని."

"వస్తవా మరి?" అన్నాడు శివ. అడగమంది కాబట్టే అడిగాడు.

ఆమె అతన్ని చూసింది. పట్టరాని ప్రేమతో చూసింది. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలియదా? "రాను" అంది. "పో బావా. పత్రికలు పంచినరు. గా పిల్లను మంచిగ చూసుకో. ఏమన్న చేసే ముందు జర అడుగు." కుర్చీ తిప్పుకుని లోపలికి పోయింది. శివ ఏడుస్తూనే పోయాడు. మిఠాయి డబ్బా అరుగు మీద ఉండిపోయింది, చీమలు పట్టాయి.

నేను ఊరుకుంటానా? ఇంట్లోకి పోయి నోటికి వచ్చినట్టు తిట్టాను. "వచ్చినోన్ని కాలదన్నుకున్నవ్, నీ ఆట నీ నెత్తి మీదనే పడ్డది" అన్నాను. మా అక్క ఆ రోజు కూతురితో మాట్లాడలేదు.

పెళ్లికి భూమన్న పోయాడు. మేనమామ లేకుండా పెళ్లి ఎట్లా అవుతుంది? కొత్త బట్టలు పట్టుకుని, తల దించుకుని, మా అక్కను వెంట తీసుకుని పోయాడు. వినోద దగ్గర నేనున్నాను. సంచి మార్చాను, అన్నం పెట్టాను. తింది. పదకొండింటికి ముహూర్తం. గోడ గడియారం వంక చూడకుండా ఉండడానికి ఆమె కిటికీ వైపు తిరిగింది. నేనేదో సముదాయించబోయాను. గొప్ప పని చేసినవ్ బిడ్డా అని, అందరూ నీ లెక్క ఉండాలని. అవన్నీ ఉత్త మాటలని నాకే తెలుస్తోంది.

అప్పుడు నా కొంగు పట్టుకుంది. ట్రాలీ పడ్డప్పుడు కూడా ఆమె అట్లా ఏడవలేదు.

"బావ నన్ను అడుగకున్నా మంచిగుంటుండె చిన్నమ్మా," అంది. "నేను రానన్నా ఇనకుంట, ఎత్తుకొని తీస్కపోయినా మంచిగుంటుండె."